మస్తానయ్య తాత చదివిన నమాజు

మొన్న ఎండాకాలంలో పీరమ్మత్త కంటి ఆపరేషను కోసం తిరుపతి వచ్చి మా ఇంట్లో పది రోజులు ఉంది. ఆమె నాకు సొంత మేనత్త కాదు. ఐరాలకు అవతల మా పల్లెలో ఉన్నవి తొమ్మిది దూదేకుల ఇళ్ళు. ఆ తొమ్మిదిళ్ళలో ప్రతి మనిషీ మరో మనిషికి ఏదో ఒక వరస అవుతాడు. పీరమ్మత్త ఒక కంటికి గుడ్డ కట్టుకుని, వంగవద్దని డాక్టరు చెప్పినా వినకుండా, మా వంటింటి గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీసి పెడుతూ ఉండేది. నాలుగో రోజు మధ్యాహ్నం నేను బజారు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే పిలిచింది.

"మౌలాలీ, ఇట్ల రా నాయనా. ఒక మాట అడగల్ల నిన్ను. నువ్వు పుస్తకంలో రాసింది మా మనవడు సదివి ఇనిపించినాడు. దాంట్లో మా నాయన ఉండాడంట గదా, పేరు ల్యాకుండా?"

ఉన్నాడు. కొన్నేళ్ళ కిందట నేను ఒక మాసపత్రికలో మా జిల్లా ముస్లింల ఆచారాల మీద ఒక వ్యాసం రాశాను. దాన్ని మెచ్చుకున్నవాళ్ళు చాలామంది. అందులో ఒక చోట, మా పల్లె ప్రాంతంలో శవానికి చదివే జనాజా నమాజు తెలిసిన మనిషే ఉండేవాడు కాడని, ఒక వృద్ధుడు తోచిన మాటలకు తెలుగు కలిపి కేకలు పెట్టి చదివేవాడని, చివరికి హాస్టలు నుంచి వచ్చిన ఒక విద్యార్థి ఆ తప్పును దిద్దాడని రాశాను. ఆ విద్యార్థి నేనేనని రాయలేదు గాని, చదివినవాళ్ళకు తెలిసేలాగే రాశాను. ఆ వృద్ధుడే పీరమ్మత్త తండ్రి మస్తానయ్య తాత.

నేను తువ్వాలు వెతుక్కుంటుంటే ఆమే కంగారుపడింది. "తప్పు పట్టేదానికి అడగల్యా నాయనా. మాకేం తెలుసు, నువ్వు సదువుకున్నోడివి. నేనడిగేది యాందంటే, నా పెద్దబిడ్డ మూడేండ్లది అమ్మోరు పోసి పాయ గదా, దానికి మా నాయనే సదివినాడు. ఆ సదివింది తప్పయితే ఇప్పుడెవురితోనన్నా మళ్ళా సదివించొచ్చునా? ఇన్నేండ్లకు పనికొస్తాదా?"

రేపు చెబుతానని లోపలికి వెళ్ళిపోయాను. అడిగినదానికి జవాబు నాకు తెలియక కాదు. ఆ జవాబు ఇరవై ఏళ్ళకు పైగా నా దగ్గరే ఉంది.

మా ఇళ్ళు ఎలాంటివో ముందు చెప్పాలి. మేము తెలుగు తప్ప మరో భాష తెలియని ముస్లింలం. మా పేర్లు హుసేనయ్య, ఫకీరయ్య, మస్తానమ్మ. మా ఆడవాళ్ళు చీర కట్టి, మెడలో నల్లపూసలు వేసుకునేవారు. బేస్తవారం సాయంత్రం మా జేజి, నాయన తల్లి, ఇల్లలికి, నిప్పుల మీద ఊదు వేసి, ఆ పొగను మూలమూలకూ చూపించేది. దూది ఏకే విల్లుకూ చూపించేది, పాలిచ్చే మేకకూ చూపించేది. నాయన, మస్తానయ్య తాత కలిసి ఆ విల్లు భుజాన వేసుకుని ఊళ్ళ మీద పోయేవాళ్ళు. పెళ్ళిళ్ళ కాలంలో కార్వేటినగరం దాకా పోయి పరుపులు కుట్టి వచ్చేవాళ్ళు. ఇంట్లో ఉన్న రోజుల్లో తెల్లారేసరికి విల్లు మోత మొదలయ్యేది. దూది ధూళి కనురెప్పల మీద, దీపం బుడ్డి మీద, సంగటి ముద్ద మీద వాలేది. సంగటిలోంచి దూదిపోగు తీసి పక్కన పెట్టి తినడం మాకు అన్నంలో రాయి ఏరుకున్నంత మామూలు. అమ్మ ఎన్నిసార్లు తుడిచినా జేజి తల నెరిసింది వయసు వల్లనో దూది వల్లనో చెప్పలేకపోయేవాళ్ళం.

మా దగ్గర మసీదు లేదు, ముల్లా లేడు. పెళ్ళికీ చావుకీ పురిటికీ మస్తానయ్య తాతే దిక్కు. చుట్టుపక్కల ఏడెనిమిది పల్లెల్లోని దూదేకులకు ఆయనే చదివేవాడు. ఆయన పడుచువాడుగా ఉన్నప్పుడు, ఎక్కడినుంచో వచ్చిన ఒక ఫకీరు వానలకాలంలో చలిజ్వరం పట్టి మూడు నెలలు వాళ్ళింట్లోనే పడి ఉన్నాడట. కోలుకున్నాక, ఇన్నాళ్ళు పెట్టిన అన్నానికి నా దగ్గర ఇచ్చేందుకు ఇదొక్కటే ఉందని చెప్పి ఆయనకు ఈ చదువు నేర్పాడట. తాతకు అక్షరం ముక్క రాదు. అందుకని నూలు దారం తీసుకుని, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ముడి వేసుకుని, పరుపులు కుట్టే ఇళ్ళకు పోయే దారిలో ఆ ముడులు తడుముకుంటూ వల్లె వేశాడట. మాట మాటకూ అర్థం ఏమిటని అడిగి తెలుసుకున్నాడట. ఇదంతా ఆయనే నాకు చెప్పాడు, నేను చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని పరుపులకు గుడ్డ పట్టుకున్న రోజుల్లో.

జనాజా నమాజు ఆయన పద్ధతి ప్రకారం ఇలా జరిగేది. శవాన్ని ముందు పెట్టి, మగవాళ్ళను వరసగా నిలబెట్టి, మూడుసార్లు నోరు పుక్కిలించి, ఆ అరబీ మాటల్ని గట్టిగా చదివేవాడు. మాటకు మాట ఆపి, ఆ వెంటనే తెలుగులో చెప్పేవాడు: "మాలో బతికినోళ్ళను, సచ్చినోళ్ళను మన్నించు సామీ. ఈడుండేవాళ్ళను, ఈడలేనోళ్ళను మన్నించు. సిన్నోళ్ళను, పెద్దోళ్ళను, మొగోళ్ళను, ఆడోళ్ళను, అందర్నీ మన్నించు సామీ." ఆడవాళ్ళు దూరంగా గుడిసెల దగ్గర నిలబడి వినేవాళ్ళు. చావుకు వచ్చిన రెడ్లు, నాయుళ్ళు కూడా తువ్వాలు భుజం మీంచి తీసి చేత పట్టుకుని వినేవాళ్ళు. అలా వినీ వినీ మా పల్లెలో కాపుల ఆడవాళ్ళకు కూడా ఆ తెలుగు మాటలు నోటికి వచ్చేవి.

నేను చిత్తూరు హాస్టలుకు పోయింది పదిహేనేళ్ళు నిండాక. ముస్లిం విద్యార్థుల కోసం ఎవరో ధర్మాత్ములు పెట్టిన హాస్టలు అది. రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు. బొగ్గుతో నడిచే బస్సులో, ప్రతి ఎత్తు దగ్గరా దిగి తోసుకుంటూ చేరాను. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు. మొదటి వారంలోనే నేనెవరినో కనిపెట్టేశారు. "ఏమ్ రా పింజారీ, కలలు గూడా తెలుగులోనే కంటావా?" అని ఒకడు. "వీళ్ళ ఊర్లో శవానికి హరికథ సెప్తారంట" అని ఇంకొకడు. తప్పు నాదే. మాటల సందర్భంలో మస్తానయ్య తాత చదివే తీరు నేనే ఒకనాడు చెప్పాను, ముచ్చటగా ఉంటుందనుకుని. వాళ్ళు పడి పడి నవ్వారు. ఒకడు నా తువ్వాలు తలకు చుట్టుకుని "మన్నించు సామీ" అంటూ తాతను అనుకరించాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎవరు అడిగినా నేనే అనుకరించి చూపించేవాణ్ణి. కొన్నాళ్ళకు నోటుపుస్తకాల మీద మౌలా అలీ ఖాన్ అని రాసుకోవడం మొదలుపెట్టాను. ఎర్ర కుచ్చు టోపీ ఒకటి సంపాదించాను. హాస్టల్లో నమాజుకు వరసలో నిలబడేవాణ్ణే గాని, పక్కవాడు వంగితే వంగి, లేస్తే లేచేవాణ్ణి. నాకు రాదని చెప్పి నేర్చుకోవడానికి సిగ్గు. రెండేళ్ళూ అలాగే గడిచాయి.

రెండో ఏడు సెలవుల్లో నేను ఇంటి దగ్గర ఉండగా జేజి చనిపోయింది. తెల్లవారుజామున పోయింది, పొద్దెక్కేసరికి స్నానం చేయించి, మేము ఏకిన దూదితోనే చేయవలసింది చేసి, తెల్లగుడ్డ చుట్టి వాకిట్లోకి తెచ్చారు. పక్క పల్లెల నుంచి మగవాళ్ళు ముప్ఫైమంది దాకా వచ్చారు. మస్తానయ్య తాత జేజికి తమ్ముడి వరస. కళ్ళు తుడుచుకుని, నోరు పుక్కిలించి వచ్చి, "లెయ్యండప్పా, వరసగా నిలబడండి" అన్నాడు. నేను ఎర్రటోపీ పెట్టుకుని ముందుకు వెళ్ళాను.

"తాతా, నువ్వు చదవద్దు."

"ఏం నాయనా?"

"నువ్వు చదివేది నమాజే కాదు. జనాజా నమాజు మనసులో చదువుకోవాల. పైకి కేకలు పెట్టగూడదు. తెలుగు అసలే రాగూడదు. సామీ గీమీ ఏంది? చిత్తూర్లో ఇంటే నవ్వుతారు."

నాయన నా చేయి పట్టుకుని "రేయ్, పెద్దోడు రా" అన్నాడు. అన్నాడే గాని, ఆ గొంతులో కొడుకు చదువు మీద గర్వం కూడా ఉంది. అది నాకు తెలిసింది, దాంతో ఇంకా గట్టిగా మాట్లాడాను. తాత కోపం తెచ్చుకోలేదు. తువ్వాలుతో మూతి తుడుచుకుని అడిగాడు: "నలబై ఏండ్లుగా ఇట్లనే సదివితి గదా నాయనా. మరి వాళ్ళందరికీ?"

నాకు తెలియదు అనవచ్చు. అది నిజం కూడా. నేను అన్న మాట: "వాళ్ళకీ చేరదు."

ఆడవాళ్ళ గుంపులో ఎవరో "అయ్యో" అన్నారు. అది పీరమ్మత్త అయి ఉండాలి. ఆమె బిడ్డను పూడ్చి అప్పటికి ఏడాది కాలేదు. తాత మెల్లగా వెనక్కి నడిచి చివరి వరసలో, చివర నిలబడ్డాడు. నేను ముందు నిలబడి చేతులెత్తి అల్లాహు అక్బర్ అన్నాను. నాలుగుసార్లు అనాలని మాత్రం చిత్తూరులో చూసి ఉన్నాను. మధ్యలో చదవవలసిన మాటల్లో ఒక్కటీ నాకు రాదు. మనసులో చదవాలని ముందే చెప్పి ఉన్నాను గనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టుకున్నాను, మళ్ళీ చేతులెత్తాను. జేజి నా ముందు పడుకుని ఉంది. నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి ముందు నిలబడి నేను చదివింది ఒంట్లు. మన్ను వేసి వచ్చేటప్పుడు పక్క ఊరి నాయుడు నాయనతో "నీ కొడుకు ఎంత గంభీరంగా చేసినాడప్పా, ఒక్క మాట బయటికి రాలేదే" అన్నాడు.

మూడో రోజు తాత మా ఇంటికొచ్చాడు. తువ్వాలు మూటలో పచ్చి వేరుశనక్కాయలు తెచ్చి అమ్మకిచ్చి, నా పక్కన కూర్చున్నాడు. "నాకు సరైంది నేర్పిస్తావా నాయనా? ముసిలోణ్ణే గాని, తొందరగానే పట్టుకుంటా" అన్నాడు. ఇప్పుడు టైము లేదు తాతా, మళ్ళీ సెలవులకు వచ్చినప్పుడు అన్నాను. మళ్ళీ సెలవులకు వచ్చాడు. ఆపై సెలవులకూ వచ్చాడు. ప్రతిసారీ ఏదో ఒకటి తెచ్చేవాడు, ప్రతిసారీ నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. నాలుగోసారి అడగలేదు. పలకరించి, నాయనతో విల్లు సంగతి ఏదో మాట్లాడి వెళ్ళిపోయాడు. ఆయన చదవడం మాత్రం ఆ రోజుతోనే మానేశాడు. ఎవరు వచ్చి బతిమాలినా, తెలియని పని ఇన్నాళ్ళు చేసినదానికే అల్లాకు ఏం చెప్పుకోవాలో తెలియకుండా ఉన్నాను అనేవాడట. చావులకు చిత్తూరు నుంచి ఎవరినైనా తీసుకురావలసి వచ్చేది. తెచ్చుకునే శక్తి లేనివాళ్ళు ఊరికే నిలబడి మన్ను వేసి వచ్చేవాళ్ళు.

తిరుపతికి కాలేజీ చదువుకు వచ్చాక నాకు నిజం తెలిసింది. నాతో పాటు చదివే ఒక కుర్రవాడు టైఫాయిడ్‌తో పోతే జనాజాకు వెళ్ళాము. ఈసారైనా నేర్చుకుని నిలబడదామని ముందురోజు ఒక మౌల్వీగారి దగ్గర చిన్న పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. అప్పటికి అరబీ అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. గది తలుపు వేసుకుని ఒక్కొక్క మాట పైకి చదువుతుంటే, నాలుగో మాటకే తాత గొంతు వినిపించింది. నేను తర్వాతి మాట చూడకముందే అది నా నోట్లోకి వచ్చింది. చివరిదాకా అంతే. ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. కింద ఉర్దూలో అర్థం ఉంది. బతికి ఉన్నవాళ్ళను, చనిపోయినవాళ్ళను, ఇక్కడ ఉన్నవాళ్ళను, లేనివాళ్ళను, చిన్నవాళ్ళను, పెద్దవాళ్ళను, మగవాళ్ళను, ఆడవాళ్ళను. తాత తెలుగు దానికి సరిగ్గా సరిపోయింది. పైకి చదవడం మాత్రం వాడుక కాదు. మౌల్వీగారిని అడిగితే, పైకి చదివినంత మాత్రాన నమాజు చెడిపోదు, నలుగురికి నేర్పడానికి అలా చదివినవాళ్ళూ ఉన్నారు అన్నాడు.

జనాజా అయిన సాయంత్రమే బస్సెక్కి పల్లెకు పోవలసింది. పోలేదు. పోతే ఆ ముప్ఫైమంది ముందు నేనన్న మాట నేనే వెనక్కి తీసుకోవాలి. నువ్వు ఆ రోజు మరేం చదివావని ఎవరైనా అడుగుతారు. సెలవులకు పోయినప్పుడు చూద్దామనుకున్నాను. పోయాను, తాత ఎదురుపడ్డాడు, బాగున్నావా నాయనా అన్నాడు, బాగున్నాను అన్నాను. అలా రెండేళ్ళు.

తర్వాత ఒక ఉదయం మా పల్లె నుంచి ఒక మనిషి నన్ను వెతుక్కుంటూ తిరుపతి హాస్టలుకు వచ్చాడు. మస్తానయ్య తాత ముందురోజు మధ్యాహ్నం పోయాడని, "తెలిసినోడు మౌలాలి ఒక్కడే, వాడొచ్చి సదివినంకనే మన్ను ఎయ్యండి" అని చెప్పి పోయాడని, తనతో వెంటనే బయల్దేరమని అన్నాడు. నాకు అప్పటికి అంతా వచ్చు. ఏ తప్పూ లేకుండా చదవగలను. కాని పైకి చదివినా లోపల చదివినా అవి ఆయన మాటలే. ఆయన శవం ముందు నిలబడి, ఆయన దగ్గర నేను లాక్కున్న మాటల్నే, నేర్చినవాడిలాగా చదవాలి. పరీక్ష ఉందని చెప్పాను. పరీక్ష లేదు. ఆ మనిషి నా ముఖం చూసి, "సరే అబ్బోడా, బాగా రాయి" అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా పల్లెలో మసీదు ఉంది. నమాజు చదివించడానికి దూరం ఊరి నుంచి వచ్చిన హజ్రత్ ఉన్నాడు, మంచివాడు. నమాజులన్నీ పద్ధతి ప్రకారం జరుగుతాయి. మొన్న మా నాయనకు జరిగినప్పుడు నేను చూశాను, అందరూ నిశ్శబ్దంగా నిలబడ్డారు. చచ్చినవాడి కోసం ఏమి అడుగుతున్నారో ఆ వరసల్లో ఎంతమందికి తెలుసునో నేను చెప్పలేను. బయట నిలబడిన నాయుళ్ళకు, గుడిసెల దగ్గరి ఆడవాళ్ళకు మాత్రం ఏమీ తెలియదు. ఈ మార్పు అంతా నా వల్ల వచ్చిందనడం కూడా ఒక గొప్ప చెప్పుకోవడమే అవుతుంది. కాని మా ఏడెనిమిది పల్లెల వరకు మొదటి దెబ్బ కొట్టినవాణ్ణి నేనే. దాన్ని సంస్కరణ అని వ్యాసంలో రాసుకున్నవాణ్ణీ నేనే.

మర్నాడు పీరమ్మత్తను కూర్చోబెట్టి చెప్పాను. "అత్తా, తాత చదివింది తప్పు కాదు. పుస్తకంలో ఉండేది అవే మాటలు. తెలుగులో చెప్పిన అర్థం గూడా అదే."

"నిజంగానా?"

"నిజం. ఒక్క మాట గూడా తప్పు లేదు."

"అయితే నా బిడ్డకు చేరినట్టేనా?"

"చేర్చేది దేవుడు అత్తా. తాత చదవాల్సింది చదివినాడు."

ఆమె చింతపండు చేతులతోనే నా తల పట్టుకుంది. "నీ నోరు సల్లగుండ నాయనా" అంది. వంటింట్లోకి తిరిగి మా ఆవిడను కేకేసింది. "ఇన్నెవా అమ్మా, మా నాయన సదివింది సరైందేనంట! అంత సదువుకున్నోడు సెప్తాండాడు." కట్టు లేని కంట్లోంచి నీళ్ళు కారుతుంటే నవ్వుతోంది. కాసేపటికి నవ్వు తగ్గించి, నన్ను ఓదార్చేటట్టు అంది: "నీదేం తప్పు ల్యా లేప్పా. సిన్నపిల్లోడివి అప్పుడు. ఇప్పుడు గదా నీకు తెలిసింది. ముందే తెలిసింటే మా నాయనకు సెప్పకుండా ఉందువా?"

ఆమె నాకు దారి చూపించింది. అవును అత్తా, ఇప్పుడే తెలిసింది అంటే అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"ముందే తెలుసు అత్తా. తాత పోయేదానికి రెండేండ్ల ముందే తెలుసు."

"మేము మనిషిని పంపించినప్పుడు?"

"తెలుసు."

ఆమె చేతులకంటిన చింతపండు గడప అంచుకు రాసుకుంది. "పొద్దు గూకేదాకా పెట్టుకోని ఉంటిమి" అంది. "వాసనొస్తాందని నాయుడు కోప్పడితే ఎత్తినాము. ఎవురూ ఏం సదవల్యా. నేను గుడిసె కాడ నిలబడి, గట్టిగా కాదు, మా నాయన మాటలే నాకు నేనే అనుకుంటి. ఆడదాన్ని గదా, అనొచ్చునో అనకూడదో అని భయపడతా." ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. కట్టు విప్పించుకునే రోజు దాకా ఉంది. మా ఆవిడతో, పిల్లలతో ఎప్పటిలాగే ఉంది.

వెళ్ళే రోజు బస్టాండుకు నేనే తీసుకుపోయాను. మూట నన్ను పట్టుకోనివ్వలేదు. కిటికీ పక్క సీట్లో కూర్చున్నాక, నేను కింద నిలబడి అన్నాను: "అత్తా, ఊరికొచ్చి అందరి ముందరా చెబుతా. పత్రికలో గూడా తాత పేరు పెట్టి రాస్తా."

"రాయి. రాయకుంటే ఎట్ల" అంది. నా వైపు చూడకుండా చెంగు సర్దుకుంది. "నాకంతా నోటికి ఉండాది మౌలాలీ. పోతానే మా మనవనికి నేర్పిస్తా, మా నాయన సదివినట్టే, తెలుగు గూడా కలిపి. నేను పోతే వాడు సదువుతాడు." బస్సు కదులుతుండగా కిటికీ కమ్మీ పట్టుకుని నా వైపు తిరిగింది.

"నీకు కబురు పెట్టం లే నాయనా" అంది.